గింజలు ఇచ్చి పోండి

నేరేడు గింజను ఉమ్మేయడం నాకు చేతకాదు. మొన్న హనుమకొండ చౌరస్తాలో తోపుడు బండి మీద ఈ ఏటి మొదటి నేరేడు పండ్లు కనబడితే పావుకిలో తీసుకుని, అక్కడే నిలబడి ఒకటి నోట్లో వేసుకున్నాను. ముందు తీపి వచ్చింది. దాని వెనకే వగరు వచ్చి నాలుకను పట్టేసింది. గుజ్జు కరిగిపోయి గింజ మిగిలింది. పక్కనున్న కాలేజీ పిల్లలు ఎంచక్కా రోడ్డు మీదికి ఉమ్మేసి ఇంకో పండు అందుకుంటున్నారు. నేను మాత్రం డెబ్బై ఏళ్ళ వయసులో ఆ గింజను బుగ్గన పెట్టుకుని, ఎక్కడైనా తెల్లటి పింగాణీ గిన్నె కనబడుతుందేమో అన్నట్టు చుట్టూ చూస్తున్నాను. బండి అతను నా అవస్థ చూసి, "ఉమ్మెయ్యమ్మా, గింజతోటి ఏం పని?" అన్నాడు. ఏం పని అని చెప్పను? గింజను చేతిరుమాల్లో చుట్టుకుని ఇంటికి వచ్చాను. రుమాలు మరక పడింది, ఇక అది పోదు.

మా పక్కింటి కోడలు ఆ సాయంత్రమే ఒక డబ్బా తెచ్చి చూపించింది. ఏవో పండ్ల గింజల పొడి అట. ఒక స్పూను తాగితే షుగరు దిగుతుందట, గుండెకు మంచిదట, ముసలితనం దగ్గరికి రాదట. డబ్బా మీద యాంటీ ఆక్సిడెంట్ అన్న మాట నాలుగు చోట్ల ఉంది. నేను ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన దాన్ని కాబట్టి ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి. "నిజమేనా మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి. వాళ్ళ మామగారికి షుగరు. ఆ ప్రశ్న ఎవరు అడిగినా నాకు ముందు సలోమి మేడమ్ గుర్తొస్తుంది, ఆవిడ వెనకాలే నేను చేసిన పాడు పనీ గుర్తొస్తుంది.

డెబ్బైల చివర్లో నాకు వరంగల్‌లోని ఒక ఆడపిల్లల కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్ ఉద్యోగం వచ్చింది. అంటే ల్యాబులో పిల్లల పక్కన నిలబడి ప్రయోగాలు చేయించడం. మాది తొర్రూరు పక్కన పల్లె, పత్తీ వరీ తప్ప వేరే ముచ్చట లేని ఇల్లు. ఎమ్మెస్సీ దాకా చదివిన ఆడపిల్లని చూసి మావాళ్ళు గర్వపడ్డారో భయపడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు. కాలేజీ వెనక ఒక గది అద్దెకు తీసుకున్నాను. పగలంతా ల్యాబు, సాయంత్రం ఆ గది. ఆదివారమైతే పొద్దుటి నుంచీ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండానే పొద్దు గూకేది. ఒక్కోసారి నా గొంతు ఉందో లేదో చూసుకోవడానికి వచ్చిన పద్యమేదో పైకి చదువుకునేదాన్ని. అప్పట్లో ఒంటరితనం అన్న మాట నాకు తట్టలేదు. ఉద్యోగం అంటే ఇంతేనేమో అనుకున్నాను.

సలోమి మేడమ్ మా డిపార్ట్‌మెంటులో పెద్ద లెక్చరర్. అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు ఉంటాయి. పొట్టి మనిషి, తెల్ల వాయిలు చీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ, ఎప్పుడూ మరకలున్న వేళ్ళు. నాన్నగారు రైల్వేలో గార్డుగా చేసి పోయారు. ఆవిడ ఒక్కతే కాజీపేటలో పట్టాల పక్కన ఒక పెంకుటింట్లో ఉండేది. పెళ్ళి సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. స్టాఫ్ రూములో అందరూ ఒక గుంపుగా కూర్చుని టిఫిన్లు విప్పుకుంటుంటే, ఆవిడ ల్యాబులో కిటికీ దగ్గర రెండు జొన్న రొట్టెలు, ఆకుకూర తిని చేయి కడుక్కునేది. గర్వం అనుకునేవాళ్ళు. అది గర్వం కాదని, షుగరు మనిషి పదిమందిలో కూర్చుంటే పది చేతుల మిఠాయికి వద్దు వద్దు అని చెప్పుకోవలసి వస్తుందని నాకు తర్వాత తెలిసింది.

నేను చేరింది జూన్‌లో. గేటు బయట ఒక ముసలమ్మ గంపలో నేరేడు పండ్లు పెట్టుకుని కూర్చునేది. పిల్లలందరి నాలుకలూ ఊదా రంగే. మా ల్యాబు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక పెద్ద పింగాణీ గిన్నె, దాని పక్కన అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'తిన్నవాళ్ళు గింజలు ఇచ్చి పోండి' అని రాసి ఉంది. చేరిన మొదటి రోజు నాకు అర్థం కాక ఆ గిన్నెలో చేతులు కడుక్కోబోయాను. సలోమి మేడమ్ లోపలి నుంచి చూసి, అరవలేదు, నవ్వలేదు. "నీ నోట్ల ఉన్నది కూడ దాంట్లనే ఎయ్యి బిడ్డా," అంది. నిజమే, నా బుగ్గనా ఒక గింజ ఉంది. అలా మా పరిచయం ఎంగిలితో మొదలైంది.

ఆ గింజల్ని మూడు నీళ్ళు కడిగి, కిటికీ అంచున పాత పేపర్ల మీద ఎండబెట్టి, రోట్లో దంచి, జల్లెడ పట్టి, గాజు సీసాల్లో పోయడం మా ఇద్దరి జూన్, జూలై పని. మిగతా లెక్చరర్లకు మేము నవ్వులాట. సలోమి మేడమ్ మాత్రం పండును పాఠంగా మార్చేది. నేరేడు రసాన్ని మూడు టెస్ట్‌ట్యూబుల్లో పోసి, ఒకదానిలో నిమ్మరసం, ఒకదానిలో తినే సోడా వేయించేది. మొదటిది ఎర్రగా, రెండోది నీలంగా, ఆకుపచ్చగా తిరిగేది. మూడోది ఊదాగానే ఉండేది. పిల్లలు ఆ అని నోళ్ళు తెరిచేవాళ్ళు. రంగు తొక్కలో ఉంది, వగరు గింజలో ఉంది, రెండూ చెట్టు తనను కాపాడుకోవడానికి చేసుకున్నవేనని చెప్పేది. ఇనుము తుప్పు పట్టడం, కోసిన వంకాయ నల్లబడటం, నూనె పాతబడి వాసన రావడం, ఇవన్నీ గాలిలోని ఆక్సిజన్ చేసే పనులే. కొన్ని పదార్థాలు ఆ పనికి అడ్డం పడతాయి. యాంటీ ఆక్సిడెంట్ అన్న మాట నేను మొదటిసారి విన్నది ఆ కిటికీ దగ్గరే. అప్పటికి ఆ మాట నూనెల పుస్తకాల్లో తప్ప ఎక్కడా కనబడేది కాదు.

ఆ మాటను ఆవిడ ముక్కుతో నేర్పింది. గింజల పొడిని స్పిరిట్‌లో నానబెట్టి, వడగట్టి, ఆవిరి చేస్తే అడుగున మిగిలే చిక్కటి పదార్థాన్ని ఆరు సీసాల పల్లినూనెలో కలిపాము. ఇంకో ఆరు సీసాల్లో ఉత్త నూనె. రంగు తెలియకుండా పన్నెండింటికీ నల్ల కాగితం చుట్టి, అంకెలు వేశాను. ఏ అంకె ఏదో నాకు మాత్రమే తెలియాలి. ప్రతి సోమవారం పొద్దున ఆవిడ ఒక్కో మూత తీసి వాసన చూసి, బాగుంది, బాగాలేదు అని చెప్తే నేను రాసుకునేదాన్ని. వారాలు గడిచాక నేను దాచిన అంకెల చీటీ విప్పి చూస్తే, గింజ కలిపిన సీసాలు ఉత్త నూనె కంటే చాలా రోజులు నిలిచాయి. నేను ఎగిరి గంతేశాను. అమ్మో, మనం మందు కనిపెట్టాం మేడమ్ అన్నట్టు ఏదో అన్నాను. ఆవిడ మూతలు బిగిస్తూ, "సీసాల నూనె బాగున్నదని మనిషి ఒంట్ల నెత్తురు బాగుంటదని అనకు. సీసాకు కడుపు లేదు," అంది.

అంకె ఎవరికి తెలుసో వాళ్ళు వాసన చూడకూడదు, వాసన చూసేవాళ్ళకు అంకె తెలియకూడదు. ఇది ఆవిడ పని పద్ధతి. మనిషి ముక్కు మనిషి కోరికను బట్టి పనిచేస్తుందని, అందుకే కోరికకు గంతలు కట్టాలని చెప్పేది. అన్ని ఏళ్ళూ ఆవిడకు ఆ అంకెలు దాచిపెట్టే ఇంకో మనిషి దొరకలేదట. పన్నెండు అంకెలు నా చేతికి అప్పగించి ఆవిడ నిశ్చింతగా ఉన్నప్పుడు, నా మీద ఇంత నమ్మకం మా ఇంట్లోవాళ్ళకైనా ఉందా అనిపించింది.

రెండో ఏడు వానాకాలంలో ఒక శనివారం నన్ను కాజీపేట తీసుకుపోయింది. రైళ్ళు ఇంటి గోడను ఊపి పోతుండేవి. ఆవిడ గడియారం చూడకుండానే ఏ బండి వచ్చిందో చెప్పేది. జొన్న రొట్టె చేసిపెట్టి, ఎదురుగా కూర్చుని, వాళ్ళమ్మ సంగతి చెప్పింది. అమ్మకు షుగరు. రోజూ ఇన్సులిన్ సూది వేయాలి. వేసేది కూతురే. ఆ తల్లి సూదికి వణికిపోయేదట. ఎవరో ఎరిగినవాళ్ళు నేరేడు గింజల పొడి ఉండగా సూదులెందుకన్నారు. సలోమి మేడమ్ అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరింది, కెమిస్ట్రీ చదివిన మనిషి. అయినా అమ్మ ఏడుపు చూడలేక తన చేత్తోనే పొడి కొట్టి పెట్టింది. సూది రోజు విడిచి రోజు అయింది, తర్వాత వారానికి ఒకటి అయింది. కొన్ని నెలలకు కాలి వేలికి చిన్న పుండు లేచింది. కాలు తీశారు. మనిషి దక్కలేదు.

"సూది ఆపింది నా తప్పే. దాంట్ల నాకు అనుమానం లేదు," అంది. కళ్ళలో నీళ్ళు లేవు. "గాని నేను నా చేతుల్తోటి అమ్మకు పెట్టింది ఏమన్న జర మందేనా, లేకపోతే వట్టి మట్టా? గదొక్కటి తెల్వాలె నాకు. పదిహేడేండ్ల సంది గదే అడుగుతాన."

ఆ గింజలు, గిన్నె, అట్టముక్క, అన్నీ ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడకు షుగరు వచ్చి అప్పటికి నాలుగేళ్ళు. పరీక్ష తన ఒంటి మీదే చేసుకుంటానంది. డాక్టరు ఇచ్చిన గోలీలు ఒక్క పూట కూడా మానదు, తిండి తూకం మారదు. వాటి మీద రోజుకు ఆరు క్యాప్సూల్స్ వేసుకుంటుంది. సగం ఎరుపు సగం నలుపు ఉన్న ఖాళీ గొట్టాలు ఎక్కడి నుంచో తెప్పించింది. పన్నెండు వారాలు, అంటే ఆరు పక్షాలు. మూడు పక్షాలు వాటిలో గింజల పొడి, మూడు పక్షాలు వేయించిన జొన్నపిండి. ఏ పక్షం ఏదో చీటీలు తీసి నేను నిర్ణయించాలి, కవరులో పెట్టి లక్క ముద్ర వేసి దాచాలి. ఆవిడకు తెలియకూడదు. నేను శనివారం ల్యాబులో క్యాప్సూల్స్ నింపుతుంటే ఆవిడ వరండాలో స్టూలు వేసుకుని నాకు వీపు పెట్టి కూర్చునేది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఆ వీపు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది.

రోజూ పొద్దున్నే పిల్లలు రాకముందు ఆవిడ ల్యాబులో తన మూత్రాన్ని బెనిడిక్ట్ ద్రావణంలో వేసి దీపం మీద మరిగించేది. అప్పట్లో ఇంట్లో షుగరు చూసుకోవడానికి అదే దారి. నీలం నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకాస్త, ఇటుక రంగు వస్తే చాలా ఎక్కువ. వచ్చిన రంగును నోట్‌బుక్కులో ఒక చిన్న గడి గీసి రంగు పెన్సిలుతో నింపేది. రోజుకు ఒక గడి. మొదటి పక్షం చీటీ గింజ. గళ్ళు ఎక్కువగా ఆకుపచ్చగా, రెండు మూడు నీలంగా వచ్చాయి.

రెండో పక్షం జొన్న. నాలుగు రోజులు గడిచాయి. ఐదో రోజు పొద్దున నేను తలుపు తోసేసరికి ఆవిడ టెస్ట్‌ట్యూబును వెలుతురుకు ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. లోపల ఇటుక ఎరుపు. ఆవిడ ముఖంలో ఏమీ లేదు. కుర్చీలో కూర్చుని ఎర్ర పెన్సిలుతో గడి నింపింది. అప్పుడు చూశాను, ఎడమ కాలి చెప్పు విప్పి పక్కన పెట్టింది, బొటనవేలి పక్కన చెప్పు కరిచి పొక్కు చితికి ఉంది. వాళ్ళమ్మకు పుండు లేచిన చోటే అని నాకు తోచింది. అక్కడే అయి ఉండక్కర్లేదు, నేను ఎన్నడూ అడగలేదు. దవాఖానకు పోదాం రండి అన్నాను. వెళ్ళాము. కట్టు కట్టి, మందులు రాసి ఇచ్చారు. పరీక్ష ఆపేద్దామా అని అడిగాను. "పుండు మానుతది. ఫికర్ జేయకు. మధ్యల ఆపితే ఏం తెల్వది," అంది.

ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక నేను ఆవిడ సొరుగు తీసి, మిగిలిన జొన్న క్యాప్సూల్స్ అన్నీ విప్పి పిండిని సింకులో పోసేశాను. వాటి నిండా గింజల పొడి నింపాను. నా చేతులతో నేనే ఆ మనిషికి ఉత్త పిండి మింగించి కాలు పోగొట్టలేననుకున్నాను. నాకు ఆ ఊళ్ళో ఉన్నది ఆవిడ ఒక్కతే. ఆవిడ పోతే నా ఆదివారాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. ప్రేమ అనండి, స్వార్థం అనండి, ఆ రెంటికీ తేడా చూసే తీరిక నాకు ఆ పూట లేకపోయింది. తర్వాతి జొన్న పక్షాల్లోనూ గింజే నింపాను. వరండాలో ఆ వీపు అలాగే, నమ్మకంగా, రోడ్డు వైపు చూస్తూ కూర్చునే ఉంది.

పుండు పది పన్నెండు రోజులకు మానింది. కట్టు వల్లనా, దవాఖాన మందు వల్లనా, గింజ వల్లనా? ఆ ఎరుపు జొన్న తెచ్చిందా, పుండు తెచ్చిందా? చీము పట్టిన పుండు ఉంటే షుగరు పెరుగుతుందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు తెలిసిందల్లా భయం ఒక్కటే.

పన్నెండు వారాలు పూర్తయిన రోజు ఆవిడ తలస్నానం చేసి, కొత్త పెన్సిలు చెక్కుకుని వచ్చింది. నేను కవరు ఇచ్చాను. అందులో అసలు చీటీలే ఉన్నాయి: గింజ, జొన్న, గింజ, జొన్న, జొన్న, గింజ. ఆవిడ స్కేలు పెట్టి ఆరు వరుసలూ పక్క పక్కన గీసుకుంది. ఆ ఒక్క ఎర్ర గడి, దాని వెనక రెండు మూడు పసుపు గళ్ళు పుండు రోజులవని పక్కన పెట్టింది. మిగతావి గింజ వరుసైనా జొన్న వరుసైనా ఒకే తీరు ఆకుపచ్చ. ఉండదా మరి! చాలాసేపు చూసింది. పేజీ అడుగున 'తేడా లేదు' అని రాసి గీత గీసింది. లేచి సబ్బుతో చేతులు కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది.

"అమ్మకు మట్టే పెట్టిన సుగుణా," అంది.

నేను అప్పుడే చెప్పాల్సింది. పన్నెండు వారాల కష్టం నేను సింకులో పోశానని ఎలా చెప్పను? చెప్తే నా ముఖం మళ్ళీ చూస్తుందా? రేపు చెప్తాను అనుకున్నాను. రేపు రేపు అంటూ దాటవేసే పిల్లల్ని ల్యాబులో ఎంత తిట్టేదాన్నో! నా రేపు మాత్రం నెల అయింది, నెల ఏడాది అయింది. మళ్ళీ జూన్ వచ్చింది. పిల్లలు ఊదా నాలుకలతో, బుగ్గన గింజలతో గుమ్మం దగ్గరికి వచ్చి గిన్నె కోసం వెతికారు. గిన్నె లేదు, అట్టముక్కా లేదు. బుట్టల ఎయ్యండి అని చెప్పింది సలోమి మేడమ్, తల ఎత్తకుండా. ఆ మాట విన్నప్పుడు నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేదు.

తర్వాతి ఏడు నాకు తొర్రూరులో జూనియర్ లెక్చరర్‌గా ఉద్యోగం వచ్చింది. ఊరికి దగ్గర అని అందరికీ చెప్పాను. నిజానికి పారిపోయాను. ఆవిడ ఏడాదికి రెండు ఉత్తరాలు రాసేది. నేను వానల గురించి, పత్తి గురించి, పిల్లల మార్కుల గురించి జవాబు రాసేదాన్ని. ఒక్కో ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాక, ఇది కూడా అబద్ధమే అనుకునేదాన్ని. అలా ఎనభైలు సగం గడిచాయి. ఒకసారి ఉత్తరం వేరే చేతిరాతతో వచ్చింది. మేడమ్‌కు చూపు పోయిందని, మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయని, ఆమె చెప్తుంటే తాను రాస్తున్నానని పక్కింటావిడ రాసింది. చివర్న ఒక్క వాక్యం మేడమ్ మాటల్లోనే ఉంది: తీరిక అయితే ఒకసారి వచ్చి పో బిడ్డా.

వెళ్ళాను. అదే పెంకుటిల్లు, అదే మంచం. ఆవిడ ఇంకా పొట్టిగా అయిపోయింది. నా అడుగుల చప్పుడుకే పేరు పెట్టి పిలిచింది. పక్కింటావిడ నీళ్ళు ఇచ్చి వెళ్ళిపోయింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఎన్ని ఏళ్ళు ఆ నిశ్శబ్దంలో ఒక్కతే 'తేడా లేదు' అన్న ఆ ఒక్క వాక్యాన్ని తలుచుకుంటూ కూర్చుందో అనిపించి, కుర్చీ లాక్కోకుండా నిలబడే అంతా చెప్పేశాను. ఎర్ర గడి నుంచి సింకు దాకా, సింకు నుంచి తొర్రూరు దాకా. మధ్యలో గూడ్సు బండి ఒకటి వచ్చింది. అది పోయేదాకా ఆగి మిగతాది చెప్పాను.

ఆవిడ ల్యాబులో అడిగినట్టే అడిగింది.

"జొన్న ఎన్ని దినాలు తిన్న నేను?"

"నాలుగు రోజులు మేడమ్. ఐదో రోజు పొద్దుటి పూట కూడా."

"నాలుగున్నర," అంది. ఆ తర్వాత గొంతు మారింది. "ఆరేండ్లు సుగుణా. ఆరేండ్ల సంది అమ్మకు మట్టి పెట్టిన అనుకుంటనే పండుకుంటాన, గదే అనుకుంటనే లేస్తాన. నా మీద జాలి పడ్డవు, మంచిదే. జాలి పడితే నాకు చెప్పి పడాలె గదా బిడ్డా."

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. ఓదార్చి ఉంటే ఆ మాట నాలో ఇంతకాలం నిలిచేది కాదేమో. గోడ బీరువాలోంచి నోట్‌బుక్కు తీయమంది. రంగు గళ్ళ పేజీ నేనే వెతికాను. 'తేడా లేదు' దగ్గర వేలు పెట్టించుకుంది. ఇది కొట్టేయనా అని అడిగాను.

"కొట్టెయ్యకు. కొట్టేస్తే తప్పు కనబడది. దాని కిందనే రాయి. ఏం జేసినవో గదే రాయి. ఎందుకు జేసినవో రాయకు, పరీక్షకు గది అక్కర లేదు."

రాశాను. రెండో పక్షం ఐదో రోజు మధ్యాహ్నం నుంచి జొన్నపిండి బదులు గింజల పొడి నింపితినని, నాలుగో, ఐదో పక్షాలు కూడా గింజేనని, కాబట్టి పై వాక్యం చెల్లదని, గింజ పనిచేసిందో లేదో తెలియదని. కింద సంతకం పెట్టాను. చదువు అంది. చదివాను. చివరి మాట మళ్ళీ చదవమంది.

"తెలియదు," అని చదివాను.

"తెల్వదు," అని తనూ అంది, నాలుక మీద రుచి చూస్తున్నట్టు. ముఖంలో ఏదో సడలింది. "మట్టి కన్న తెల్వదు నయం."

మళ్ళీ చేద్దామా మేడమ్, ఈసారి ఏ తప్పూ చేయను అన్నాను. పిచ్చి మాట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. ఆవిడ నా చేయి వెతికి పట్టుకుని, తన ఒంట్లో ఇంక పరీక్షకు జాగ లేదని చెప్పి, గళ్ళ రంగులు వరసగా చెప్పమంది. ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ, ఆకుపచ్చ అని పొద్దు వాలే దాకా చెప్తూ కూర్చున్నాను. ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. సమాధి దగ్గర మేము తొమ్మిది మందిమి ఉన్నాము. పక్కింటావిడ నాకు ఒక సంచి ఇచ్చింది. అందులో నోట్‌బుక్కు, పింగాణీ గిన్నె ఉన్నాయి.

ఆ తర్వాత ఎక్కడెక్కడో, నాకు పేర్లు కూడా తెలియని పెద్ద పెద్ద ప్రయోగశాలల్లో నేరేడు మీద, గింజల మీద, లోకంలోని ఇలాంటి చిన్న పండ్లన్నిటి మీద బోలెడు పరీక్షలు జరిగాయి. కొన్ని అవునంటాయి, కొన్ని ఇంకా చూడాలంటాయి. నేను చదువుతూనే ఉంటాను. కానీ కాజీపేటలో పట్టాల పక్కన ఉండిన ఒక ఆవిడ ఒంట్లో ఆ గింజ ఏం చేసిందో ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగిన రోజు ఒకటి ఉండింది. ఆ రోజు క్యాప్సూల్స్ నా చేతిలో ఉండినాయి.

పక్కింటి కోడలికి నా జవాబు చెప్పాను. పండ్లు తినమను, మంచివే, వగరుగా ఉన్నవి ఇంకా మంచివి కావచ్చు. డాక్టరు ఇచ్చిన గోలీ మాత్రం ఒక్క పూట మానినా నేను ఊరుకోను. ఈ పొడి షుగరు దించుతుందా అంటావా, నాకు తెలియదు. ఇన్నేళ్ళు కెమిస్ట్రీ చెప్పి తెలియదంటారేంటి మేడమ్ అని ఆ అమ్మాయి నవ్వింది. నవ్వనీ. ఆ ఒక్క మాట సంపాదించడానికి ఏం పోయిందో ఆ పిల్లకేం తెలుసు? డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. నేను రుమాల్లోని గింజను తీసి మూడు నీళ్ళు కడిగి, పింగాణీ గిన్నెలో వేసి కిటికీలో పెట్టాను. దంచేవాళ్ళు లేరు, అయినా ప్రతి ఏడూ వేస్తాను.

నోట్‌బుక్కు తీసి ఆ పేజీ చూసుకున్నాను. ఏం చేశానో నా చేతిరాతలో అక్కడ ఉంది. ఎందుకు చేశానో రాయనివ్వలేదు ఆవిడ. అందుకే అది ఇక్కడ రాసుకున్నాను.